మూడింటికి పోయే కరెంటు, సేవ్ కాని ప్రాజెక్టు

మా చిన్నప్పుడు... వేంపల్లెలో మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయేది. ఆ ఆదివారం గోడ గడియారంలో రెండు దాటింది. నెట్ సెంటర్లో ఒకే కుర్చీలో నేనూ, నా జతగత్తె రమీజా ఇరుక్కుని కూర్చున్నాం. తొమ్మిదో తరగతి. తెల్లారితే బళ్లో సైన్సు ఫెయిర్.

నాకు అది మార్కుల సంగతి. రమీజాకు బతుకు సంగతి. వాళ్ల నాయన మస్తాన్ మామ దర్జీ. "కంప్యూటర్లో ఏం చదివినావో రేపు అందరి ముందర చెప్పు. చెప్తే టెన్త్ అయినాక కాలేజీ. లేదంటే కుట్టుమిషనే" అని తేల్చేశాడు.

మా ప్రాజెక్టు... ఎండిపోయిన బోర్లలోకి వాననీళ్లు దింపడం. ముందు "వాటర్" అని కొట్టాం. అబ్బో, లక్షల పేజీలు! జలపాతాలు, ఓడలు, తిమింగలాలు... నోరు తెరుచుకుని చూస్తుంటే అరగంట హారతి కర్పూరంలా కరిగిపోయింది.

నెట్ సెంటర్ శీనన్న వెనక నిలబడి నవ్వాడు. "నీళ్లు అని కొడితే సముద్రాలే వస్తాయి పాపా. మీకు కావాల్సిందేందో అది కొట్టండి."

రమీజా కళ్లు మూసుకుని ఆలోచించింది. ఎండిన బోరు, వాననీళ్లు, గుంత... ఈ ముక్కలనే ఇంగ్లీషులో కొట్టింది. బొమ్మతో సహా దొరికింది! ఇక ఒక్కో వాక్యం చదవడం, నాకు తెలుగులో చెప్పడం, "అర్థమాయెనా?" అని అడగడం, ఆ తర్వాతే టైపు చేయడం. నాకేమో ఒళ్లు మంట. "టైమ్ అయితాండాది, ఉన్నది ఉన్నట్టు ఎక్కించవే!" అని గిల్లాను కూడా.

చివరి వాక్యంలో ఉండగా శీనన్న అరిచాడు. "సేవ్ కొట్టినారా?"

"కొడ్తాండా అన్నా..."

టప్. తెర నల్లబడింది. ఫ్యాను ఆగిపోయింది. రమీజా వేలు మౌసు మీదే ఉండిపోయింది.

ఐదింటికి కరెంటు వచ్చింది... ఫైలు రాలేదు. నాకు ఏడుపు ఆగలేదు. రమీజా మాత్రం పెదాలు బిగించి ఇంటికి నడిచింది.

మర్నాడు అందరి చేతుల్లో రంగురంగుల ప్రింట్లు. మా చేతులు ఖాళీ. మస్తాన్ మామ మెడలో టేపుతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రమీజా సుద్దముక్క తీసుకుని బోర్డు మీద బోరు చుట్టూ గుంత గీసింది. అడుగున పెద్దరాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక అని చెప్తుంటే మామ మధ్యలో ఆపాడు.

"ఇసుక పైనెందుకు పాపా? అడుగున ఎయ్యగూడదా?"

ఇక అయిపోయాం అనుకున్నా.

"అడుగున ఏస్తే నీళ్లతో పాటు బోర్లోకి దిగుతాది నాయనా. పైనుంటే మురికిని ఆడే పట్టుకుంటాది."

మామ మెడలో టేపు సర్దుకుంటూ, "సరే... కాలేజీకే పోదువులే" అన్నాడు.

రమీజా ఇప్పుడు కర్నూలులో టీచరు. తన బడి పిల్లలందరూ ఒకే ఫైల్లో కలిసి రాస్తారు, దానంతటదే సేవ్ అవుతుంది. నిన్న ఫోన్లో నిట్టూర్చింది. "అంతా ఫైల్లో శానా బాగుండాది మే... మూసి చెప్పమంటే మాత్రం నా మొగం చూస్తాండారు."

అందుకే రోజూ మూడింటికి కంప్యూటర్లన్నీ ఆపించి, నోటితో చెప్పిస్తుందట!

ఆనాడు తిట్టి పోసిన కరెంటు కోతను ఈనాడు మనమే కావాలని పెట్టుకోవాల్సి వస్తోంది... మీ ప్రాజెక్టును కూడా కరెంటు మింగేసిందా? అందులో ఇంకా ఏం గుర్తుందో, ఎక్కడా వెతక్కుండా చెప్పండి చూద్దాం...