కుంకుమ కింద కుక్కల బండి

ఆ రోజుల్లో అలుపు అనే మాట నా నోట రాలేదంటే, అది నా బలం అనుకోకండి. కూర్చున్న మనిషికి కదా కాళ్ళనొప్పి తెలిసేది. నేను కూర్చుంటే కదా. తెలంగాణ ఇంకా రాలేదు, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో స్తంభాలకు గుంతలు కూడా తీయలేదు. నాకు ఇరవై ఆరో, ఇరవై ఏడో. మా ఆయన పోయి రెండో ఏడు నడుస్తోంది. పొద్దున ఉప్పల్‌లో ఒక ఇంట్లో అంట్లు, బట్టలు, తడిగుడ్డ. అక్కడి నుంచి అడ్డదారిన ముప్పావుగంట నడిస్తే నాచారంలో మందు సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీ, అందులో ప్యాకింగు పని. సాయంత్రం మళ్ళీ ఉప్పల్‌లో అదే ఇంట్లో రొట్టెలు, మళ్ళీ నడిచి నాచారంలో నా గది. (నేను చెబుతుంటే మా ఆడపడుచు రాస్తోంది. "గిదంత ఎవలు సదువుతరు వదినె?" అని ఇప్పుడే అడిగింది. ముందు నువ్వు రాయి తల్లీ, చదివేవాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు.)

మా అన్నది జనగామ దిక్కు ఊరు. మా ఆయన పోయినప్పటి నుంచి ఒకటే మాట. "పట్నంల నీకెవలున్నరు చెల్లె? ఊరికి రా. మేం తినే మెతుకులే నువ్వు తిను." మంచి మాటే, అన్న మనసూ మంచిదే. కానీ మా వదిన ఉంది చూశారూ, కాళ్ళకు నీళ్ళిచ్చే ముందే కొట్టంలో ఉన్న నాలుగు బర్రెలను చూపించే మనిషి. ఇక్కడా రెక్కల కష్టమే, అక్కడా రెక్కల కష్టమే. కాకపోతే ఇక్కడ గది తాళంచెవి నా కొంగుకు ఉండేది. చివరికి అన్న గడువు పెట్టాడు, ఉగాది ముందు ఆదివారం వస్తా, సామాను కట్టిపెట్టు అని. అవునందామంటే నోరు రాలేదు, కాదందామంటే ధైర్యం రాలేదు. ఒంటి కష్టానికి ధైర్యం కూడా కరిగిపోతుందేమో, నా దగ్గర తలూపేంత సత్తువ మాత్రమే మిగిలింది. ఊపాను.

నేను పనిచేసే ఇంటి పెద్దాయనను వీధంతా ఐసు సారు అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు తడి ఐసు మీద నడిచి ఒక్కనాడు జారని మనిషి, రిటైరయ్యాక బాత్రూంలో సబ్బు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచం పట్టిన మనిషికి పొద్దు పోవాలని ఆయన మేనకోడలు ఒక పాత కంప్యూటరు, దానికి ఇంటర్నెట్టు పెట్టించి పోయింది. శివరాత్రి దాటి ఎండలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున తడిగుడ్డ పెడుతూ చూద్దును కదా, తెర నిండా తెల్లగా ఉంది, దాని మీద ఎర్రటి చుక్కలు.

"గీ చుక్కలేంది సారు?"

"గవి చుక్కలు కావు బిడ్డా, కుక్కలు."

తుంటితో పాటు తలకు కూడా దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. ఆయన నిదానంగా చెప్పాడు. ఎక్కడో ఉత్తరాన, ఎటు చూసినా మంచే ఉన్న దేశంలో పందెం. చక్రాల్లేని బండి. దానికి పది పన్నెండు కుక్కలను కడతారు, వెనక ఒక మనిషి నిలబడతాడు. అడవులు, గడ్డకట్టిన ఏర్లు దాటుకుంటూ పది పన్నెండు రోజులు పోవాలి. ఒక్కో బండిలో ఒక్కో మిషను ఉంటుంది, బండి ఎక్కడుందో అది చెబుతుంది, ఇక్కడ చుక్క కదులుతుంది. మనకు పొద్దున అయితే వాళ్ళకు ఇంకా నిన్నటి సాయంత్రమే. "మనుషులు చెయ్యకుండ దానంతట అదే అయిన ఐసు నేనెన్నడు చూళ్ళే బిడ్డా, గందుకే చూస్తున్న" అన్నాడు. ఫోటోలు కూడా చూపించాడు. కుక్కల కాళ్ళకు మేజోళ్ళు తొడిగారు, నాలుగింటికి నాలుగు. నా హవాయి చెప్పు తెగి పిన్నీసుతో నడుస్తున్న రోజులవి. కాళ్ళు చీర కింద దాచుకుని చూశాను.

"అందరికంటె ఆఖరున గా చుక్క ఎవలది సారు?"

"ఆడామెది. ఒక్కతే నడుపుతది."

"మొగడు లేడా?"

"గది రాయలే బిడ్డా."

వంటింట్లోంచి సారు భార్య అందుకుంది. అమ్మ అని పిలిచేదాన్ని ఆమెను. "మొగడుంటే ఆఖరున ఎందుకుంటది? ఆయన్ని తిట్టుకుంటనన్న ఉరుకుతుండె."

ఆ పూట నుంచి ఆ ఆఖరి బండి నాదైపోయింది. ఆమెకు కుక్కలామె అని, ఫోటోలో ముందు నడిచే కుక్కకు నల్లోడు అని నేనే పేర్లు పెట్టుకున్నాను. నాచారం మలుపులో పోచమ్మ గద్దె ఉండేది. అక్కడ ఆగి ఒప్పందం చేసుకున్నాను. తల్లీ, కుక్కలామె చివరిదాకా పోయిందా, నేను నాచారంలోనే ఉంటా, అన్నకు కాదని చెప్తా. నడుమ ఆగిపోయిందా, సామాను కట్టుకుంటా. గెలవాలని మొక్కలేదు. గెలిచేవాళ్ళతో నాకేం పని, చేరితే చాలు. (నాకు తెలిసిన లెక్క నేను తేల్చుకోలేక, ఎన్నడూ చూడని కుక్కల మెడకు కట్టాను. ఆ వయసులో అది భక్తి అనుకున్నాను.)

ఫ్యాక్టరీలో ప్యాకింగు ఆడవాళ్ళకూ తెలిసిపోయింది. మూతలు సంచుల్లో పోస్తూనే అడిగేవాళ్ళు. "ఏమాయెనే నీ కుక్కలు?" "ఏరు దాటినయక్కా." "మంచిగాయె." రేకుల కప్పు కింద ప్లాస్టిక్కు వేడికి చెమటలు కారుతుంటే, మేమంతా మంచులో పోతున్న కుక్కల గురించి బాధపడేవాళ్ళం.

ఉగాది ముందు ఆ బుధవారం సారును తుంటి చూపించడానికి దవాఖానాకు తీసుకుపోయారు. మూడు రోజులు అక్కడే ఉంచుకుంటారట. అమ్మ కూడా పోతూ తాళంచెవి నాకిచ్చింది, చెట్లకు నీళ్ళు పోయమని. సారు ఆటోలో కూర్చుని కూడా కంప్యూటరు ముచ్చటే. "బందు చెయ్యకు బిడ్డా. పక్కన ఎలుక ఉంది కదా, దాన్ని జర కదిపితే తెర లేస్తది. ఇంకేది ముట్టకు."

బుధవారం సాయంత్రం చూశాను, ఒక మలుపు దగ్గర చుక్క ఉంది. గురువారం పొద్దున పోతూనే ఎలుకను కదిపాను. చుక్క అదే మలుపులో ఉంది. వెంట్రుకవాసి కూడా జరగలేదు. నల్లోడికి కాలు విరిగిందా, కుక్కలామె మంచులో పడిపోయిందా, అడగడానికి ఇంట్లో మనిషి లేడు. మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. ఏ మిషను మొండికేసినా మెకానిక్కు వచ్చేలోపు ఎవరో ఒకరు దానికి బొట్టు పెడతారు. శుక్రవారమైతే అన్నిటికీ పెడతారు. అమ్మ పూజ అరలోంచి కుంకుమ భరిణె తీశాను. నా నుదుటికి మానేసి ఏడాది దాటింది కానీ పెట్టే చెయ్యి మరిచిపోలేదు. వేలు తడిపి, కుంకుమ అద్ది, సరిగ్గా ఆ చుక్క మీద గుండ్రంగా, నిండుగా బొట్టు పెట్టాను. ఈ చుక్క కదిలేదాకా మెతుకు ముట్టనని పోచమ్మకు మాటిచ్చాను. (చాయ్ మెతుకు కాదు కాబట్టి తాగాను. ఆ మాత్రం తెలివి ఉంది.)

గురువారం సాయంత్రం చూశాను. అక్కడే ఉంది. శుక్రవారం పొద్దున అక్కడే. సాయంత్రమూ అక్కడే, ఎర్రగా, నిండుగా. తెర మీది మిగతా చుక్కలు ఎవరివైతే నాకేం, వాటి వైపు చూడనే లేదు. ఇంత ఉపవాసం ఉన్నా కదలరేమిటని చివరికి కుక్కలామె మీద కోపం కూడా వచ్చింది. నేనిక్కడ ఎండలో రోజుకు నాలుగుసార్లు ఉప్పల్‌కూ నాచారానికీ తిరుగుతున్నాను, మీరు మేజోళ్ళు తొడుక్కుని ఒక్క మలుపు దాటలేరా అని తెరతోనే కొట్లాడాను. గదికి పోయి మా ఆయన పెట్టె మీద రెండు చీరలు మడిచి పెట్టాను. సామాను కట్టడం మొదలైందన్నమాట.

శనివారం పొద్దున ఫ్యాక్టరీలో నిలబడి సంచి మూతి కడుతున్నాను. తర్వాత చూస్తే అట్టపెట్టెల మధ్య పడుకుని ఉన్నాను, ముఖం మీద నీళ్ళు, చుట్టూ ఆడవాళ్ళు. సూపర్‌వైజరన్న వంగి అడుగుతున్నాడు.

"పొద్దుగాల ఏం తిన్నవు?"

"ఉపాసమన్నా."

"నిన్న?"

"నిన్న కూడా. మొన్న కూడా."

"ఏ దేవునికి?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "కుక్కలకన్నా."

ఆయన లేచి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళ నౌకరీలో ఆ జవాబు విని ఉండడు. "ఇంటికి పో" అన్నాడు మెల్లగా. "ఆటోల పో."

ఇంటికి పోలేదు, ఉప్పల్‌కే పోయాను. సారూ అమ్మా అప్పుడే దిగారు. సారు చేతికర్ర పట్టుకుని కంప్యూటరు ముందు వంగి చూస్తున్నాడు. "తెరకు గిదేంది?" అంటోంది అమ్మ. గడప దగ్గరే కూలబడి మొత్తం చెప్పాను, బొట్టు, ఉపవాసం, పోచమ్మ, అన్న, బర్రెలు, అన్నీ. సారు నవ్వలేదు. కుర్చీలో మెల్లగా కూర్చుని చెప్పాడు.

"మొదటి దినం వాళ్ళు ఆగింది నిజమే బిడ్డా. అది రూలు. ఎంత ఉరికే బండైనా నడుమ ఒక్క దినం, ఇరవై నాలుగు గంటలు, ఆగాలె. కుక్కలను గడ్డి మీద పండవెట్టాలె, మాంసం ఉడకవెట్టి పెట్టాలె. ఆగకుంటే పందెంలకెళ్ళి తీసేస్తరు."

"మరి రెండో దినం?"

సారు తువ్వాలు కొస తడిపి తెర తుడిచాడు. బొట్టు పోయింది. దాని కింద ఏమీ లేదు, ఉత్త తెలుపు. జానెడు అవతల నా ఎర్రచుక్క తన మానాన తాను పోతోంది. "రెండో దినం నీ బొట్టు" అన్నాడు.

నవ్వాలి కదా. అమ్మ అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆయన ముందు చెప్పిన మాట దగ్గరే ఆగిపోయాను. "కుక్కలకు రూలున్నదా సారు?" అన్నాను.

"ఉన్నది."

"కాయితం మీద రాసిన్రా?"

"రాసిన్రు బిడ్డా."

అప్పుడు వచ్చింది ఏడుపు. మా ఆయన పోయిన నాడు కూడా మంది కోసం ఏడ్చానేమో, ఆ రోజు మాత్రం నా కోసమే. గడ్డి పరిచి, మాంసం పెట్టి, ఒక రోజంతా పడుకోబెట్టాలని కుక్కలకు ఎవరో రాసిపెట్టారు. "ఏడుసుడు తర్వాత, ముందుగాల తిను" అని అమ్మ పెరుగన్నంలో మామిడికాయ తొక్కు వేసి ముందు పెట్టింది. నేను తోమాల్సిన గిన్నెలోనే తిన్నాను. చల్లటి గచ్చు మీద అట్లాగే ఒరిగాను.

లేచేసరికి ఆదివారం పొద్దున. మీద దుప్పటి ఉంది. అంట్లు తోమి బోర్లించి ఉన్నాయి. "నన్ను లేపలేదేందమ్మా?" అన్నాను సిగ్గుతో. "ఎట్ల లేపుదు? రూలు ఒప్పదని మీ సారు కర్ర పట్టుకొని కావలి కూసున్నడు" అంది.

ఆ పూటే అన్న నాచారంలో తాళం చూసి, పక్కింటివాళ్ళను అడుక్కుంటూ ఉప్పల్ వచ్చాడు. మొహం గంటు పెట్టుకున్నాడు.

"సామాను కట్టలేదేంది?"

"కుక్కలింక రాలేదన్నా."

సారు అన్నను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి అంతా చెప్పాడు. అన్న మొదట గోడ వైపు చూశాడు, తర్వాత తెర వైపు, తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మధ్యాహ్నానికి "ఏంది సారు, గంట సంది గదే జాగల ఉన్నది, జర ఉరుకుమనుండ్రి" అనే దాకా వచ్చాడు. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మనిషి ఆ పూటంతా ఆ బండి చేరాలని కూర్చున్నాడు. (అది చేరితే నేను రానని అతనికి చెప్పలేదు. అడగలేదు కదా.) సాయంత్రం బస్సు టైమై లేవలేక లేచాడు. "వచ్చినంక ఫోన్ చెయ్యి" అన్నాడు.

మంగళవారం చేరారు. అందరి చివరన. చివరి బండి చేరేదాకా అక్కడ ఒక దీపం ఆర్పకుండా ఉంచుతారని, చివరగా వచ్చినవాళ్ళే దాన్ని ఆర్పాలని సారు చదివి చెప్పాడు. పోచమ్మకు కొబ్బరికాయ కొట్టి, కాయిన్ బాక్సు దగ్గరికి పోయి ఊరికి ఫోను చేశాను.

"చేరినయన్నా."

"ఎన్నోది?"

"ఆఖరు."

"గింత దూరం ఉరికి ఆఖరా?"

"ఆఖరే. వాళ్ళకోసం దీపం ఉంచిన్రట. అన్నా, నేను రాను. ఈడనే ఉంట."

"గా కుక్కలు చేరకుంటె వస్తుంటివా?" అన్నాడు. వచ్చేదాన్నే అన్నాను, అన్న మనసు నొప్పించడం ఇష్టం లేక. నిజానికి ఆ గచ్చు మీద నిద్రపోయి లేచినప్పుడే నాకు తెలిసిపోయింది. ఒక రోజు పడుకున్న మనిషికి కాదనే సత్తువ వస్తుంది.

తర్వాత సూపర్‌వైజరన్నను అడిగి, ప్యాకింగు ఆడవాళ్ళం నెలకొకరోజు వంతులవారీగా సెలవు తీసుకోవడం మొదలుపెట్టాం, ఒకరి పని ఒకరం సర్దుకునేవాళ్ళం. దానికి కుక్కల దినం అని పేరు. "రేపు నేను రానక్కా, నాది కుక్కల దినం" అంటే ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. సారూ లేడు, అమ్మా లేదు, ఆ ఫ్యాక్టరీ జాగాలో ఇప్పుడు అపార్టుమెంటు లేచింది. నేను మాత్రం ఉగాది ముందు ఒక రోజు తలుపేసుకుని పగటిపూటే పడుకుంటాను. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి తలుపు తడతారు, పానం బాగలేదా అని. బాగానే ఉందంటాను. కళ్ళు మూసుకుంటే, హవాయి చెప్పుకు పిన్నీసు పెట్టుకున్న ఒక పిల్ల తెర ముందు నిలబడి, గడ్డి మీద హాయిగా పడుకున్న కుక్కలను లెమ్మని కొట్లాడుతూ కనిపిస్తుంది. జరుగు పిల్లా, వాటిని పండనియ్యి, నువ్వు కూడా పండు అంటాను. అది వినదు. అప్పుడూ వినేది కాదు.