మణికట్టు పట్టేవాళ్ళు

కోలారు బంగారు గనులు మూతపడ్డాక చాంపియన్ రీఫ్స్ కూలీ లైన్లలోని ఆడపిల్లలం చాలామందిమి తెల్లవారేసరికి రైలెక్కి బెంగుళూరు పోయేవాళ్ళం. నేనూ, మా లైనులోనే ఉండే నా స్నేహితురాలూ ఒకే బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టేవాళ్ళం. రైలు తోపులాటలో ఎవడి చెయ్యి ఎక్కడ తగులుతుందో చెప్పలేం. ఇంట్లో చెబితే మానిపించేది రైలును కాదు, మా ఉద్యోగాన్ని. అందుకే చర్చి హాల్లో ఆదివారాలు ఆడవాళ్ళకు ఆత్మరక్షణ నేర్పుతారంటే ఇంట్లో తెలియనీయకుండా చేరాం.

నేర్పేది కోలారు నుంచి వచ్చే డ్రిల్లు మేడమ్. జతలు మీరే చూసుకోండి అంది. నేను అనుమానం మనిషిని, దాచడానికేముంది. హాలంతా ఒకసారి పరికించాను. ఒకామె ప్రతిదానికీ నవ్వుతోంది, అట్లాంటివాళ్ళను నేను నమ్మను. గోడవారగా కొళాయి దగ్గర నాతో రోజూ బిందె తగాదా పడే ఆమె నిలబడి ఉంది. ఈమెకు ఇక్కడేం పని? చాడీలు మా అమ్మకు మోయడానికే వచ్చి ఉంటుంది. గబగబా నా స్నేహితురాలి చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళాను.

ఒకరు మణికట్టు పట్టుకోవాలి, రెండోవాళ్ళు పట్టినవాళ్ళ బొటనవేలి వైపుకు తమ చేతిని మెలితిప్పి లాగేసుకోవాలి. రెండో వారానికే నా చెయ్యి సులువుగా ఊడి వచ్చేది. అబ్బో, ఎంత పొంగిపోయానో!

ఆ పొంగు ఒక సోమవారం రైల్లో అణిగింది. వెనక నుంచి మీద పడుతున్నవాణ్ణి నెట్టబోతే నా మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. నేర్చుకున్నట్టే తిప్పాను. రాలేదు. మళ్ళీ తిప్పాను. వాడు నవ్వాడు. స్టేషనొచ్చి జనం దిగేదాకా వదల్లేదు. సిగ్గుతో, కోపంతో ఆరోజు సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది.

తరువాతి ఆదివారం కళ్ళల్లో ఒత్తులు వేసుకుని నా స్నేహితురాలి వేళ్ళను కనిపెట్టి చూశాను. నేను తిప్పకముందే విచ్చుకుంటున్నాయి! నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడిస్తోందా అని ఒళ్ళు మండింది. ఆమెకు ఒక్కమాటైనా చెప్పకుండా నేరుగా కొళాయి ఆమె దగ్గరికి పోయి చెయ్యి చాపాను. పాత పగ తీర్చుకుంటుందని తెలిసే చాపాను. గోళ్ళు దిగేలా పట్టింది. నొప్పి, వదలమన్నాను.

“ఇడిసిపెట్టు అంటే ఇడిసేదానికి నేనేమన్నా నీ సావాసగత్తెనా?” అంది.

మూడు వారాలు చేతికి కమిలిన గాజులు తొడుక్కుని తిరిగాను. నాలుగో వారం విడిపించుకున్నాను. ఆమె నవ్వలేదు, మెచ్చుకోలేదు. ఇంకో చెయ్యి ఇవ్వమంది. మా అమ్మకు ఆమె ఏమీ మోయలేదని కూడా అప్పటికి తెలిసింది.

ఆరోజు నా స్నేహితురాలు నన్ను మెట్ల దగ్గర ఆపింది. వచ్చే వారం నుంచి తనకు సాయంత్రం షిఫ్టట, తిరుగు రైలుకు ఒంటరిగా రావాలట. ఇన్నాళ్ళూ తనతో ఎందుకు చేయలేదని అడిగింది. నువ్వు సరిగ్గా పట్టుకోలేదు, మోసం చేశావు అని కడుపులోది కక్కేశాను.

“నీ చెయ్యి నొస్తాదని మెల్లగా పట్టినా. నువ్వూ నన్ను అట్లనే గదా పట్టింది?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. నిజమే. తను తిప్పిన ప్రతిసారీ నేనూ వేళ్ళు వదిలేశాను. అందరినీ అనుమానించినదాన్ని, నా వేళ్ళను ఒక్కసారైనా అనుమానించలేదు.

తనను మళ్ళీ హాల్లోకి తీసుకెళ్ళి మణికట్టు పట్టుకున్నాను. తిప్పింది. రాలేదు. ఇంకోసారి తిప్పింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఇడిసిపెట్టుమే, నొస్తా ఉండాది.”

నేను వదల్లేదు. పాత కోపం తీర్చుకుంటున్నానేమోనన్న అనుమానం తన ముఖంలో మొదటిసారి చూశాను. అనుకుంటే అనుకోనీ అని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.