నిలబడలేని కారులో లౌటోకా దాకా

ఇక్కడ ఫిజీలో నమాకా నుంచి లౌటోకా వెళ్లడానికి చక్కెర కంపెనీ వాళ్ల చెరకు రైలు ఉంది. టికెట్టు లేదు, ఎక్కి కూర్చోవడమే. కాకపోతే అది మనుషుల్ని ఎక్కించుకునే రోజులు వేరు, చెరకు ఒక్కటే మోసే రోజులు వేరు. మేం బయల్దేరిన రోజు చెరకుది. అందువల్ల నేను మొదటిసారి మోటారు కారెక్కాను. రేపు మీరూ ఎక్కుతారు కదా, పనికొస్తుందని రాస్తున్నాను. మూడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, తప్పులుంటే నవ్వుకోండి.

అసలు ప్రయాణం నాది కాదు, పైడమ్మ వదినది. ఆమె మొగుడూ నేనూ ఒకే ఓడలో వచ్చాం. ఒకే ఓడలో వచ్చినవాళ్లని ఇక్కడ జహాజీలంటారు, తోడబుట్టినవాళ్లకంటే దగ్గర. వాడికి మిల్లులో సెలవు దొరక్క నన్ను తోడు పంపాడు. వదినకీ ఒక జహాజీ ఉంది, గౌరి. ఓడలో వదిన వాంతులతో సగం అయిపోతే, గౌరి తన డబ్బాలోని ఊరగాయ చిటికెడు చిటికెడు నాలుక మీద పెట్టి బతికించింది. ఓడ దిగాక ఒకర్ని నమాకా వైపు, ఒకర్ని బా అనే ఊరి వైపు పంపేశారు. మళ్లీ కలిసింది లేదు. ఇప్పుడు గౌరి దేశం తిరిగి వెళ్లిపోతోందని ముందురోజు సాయంత్రం కబురొచ్చింది. లౌటోకా రేవులో చిన్న స్టీమరెక్కి సువా వెళ్లి, అక్కడ పెద్ద ఓడ ఎక్కుతుంది. మిల్లు మధ్యాహ్నం కూత వేయగానే స్టీమరు కదులుతుంది. ఆ లోపల వదిన అక్కడుండాలి, లేదంటే ఈ జన్మకి గౌరి మొహం చూసేది లేదు. వదిన బిస్కెట్ల డబ్బా నిండా మామిడికాయ ఊరగాయ పెట్టుకుని కూర్చుంది.

తెల్లవారేసరికి కారొచ్చింది. తోలేవాడు అప్పలనాయుడు. ఒక దొర విసిగి వదిలేసిన కారు అది, నాయుడికింకా విసుగు రాలేదు. పెట్రోలు ట్యాంకు తోలేవాడి సీటు కిందే ఉంటుంది. నాయుడు దిండు లేపి పెట్రోలు పోసి, మూత పెట్టకుండానే చేతులు కడుక్కోడానికి వెళ్లాడు. ఈలోగా వదిన కారుకి పూజ చేసింది. దీపాలకి బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు, ముందర కొబ్బరికాయ. ఇంకో కొబ్బరికాయ సంచిలో దాచింది. నా దృష్టంతా పగిలిన కొబ్బరి చెక్కల మీదే ఉంది, కాబట్టి మిగతాది నేను చూడలేదు.

నాయుడొచ్చి ట్యాంకు మూత బిగించి, దిండు సర్ది, ముందున్న హ్యాండిల్ తిప్పాడు. పట్టు తప్పితే అది వెనక్కి తన్ని మణికట్టు విరిచేస్తుందట. ఇంజను పలకగానే కారు తాడు విప్పిన దూడలా నాయుడి మీదికొచ్చింది. పొట్టతో ఆపాడు.

"కారు పరుగు చూసి మురిసిపోకు బావా," అన్నాడు. "నిలబడ్డప్పుడెలా ఉందో చూడు. మంచి ఇంజను నిలబడి కూడా ఒకే తాళంలో కొట్టుకోవాల. ఈ మెట్టు మీద గ్లాసుడు నీళ్లెట్టు. వణకాల, ఒలకకూడదు. ఒలికిందా, ఎక్కువ తిరుగుతున్నట్టు. వణుకు ఆగి ఆగి వస్తందా, ఆరిపోడానికి చూస్తన్నట్టు."

"కులంబర్ ముందు మనం నిలబడే పద్ధతే కదరా!" అన్నాను. కులంబరంటే తోట మీద అజమాయిషీ చేసే దొర. నాయుడు నవ్వాడు. వదిన నవ్వలేదు, ఎండ ఎంత పైకొచ్చిందో చూస్తోంది.

దారి బాగుంది, రెండు వైపులా చెరకు, కుదుపులు మాత్రం కడుపులోది నోట్లోకి తెస్తాయి. తినకుండా ఎక్కండి. మొదట ఆగింది రైలు పట్టాల దగ్గర. చెరకు బళ్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. మా కారు డుగుడుగుడుగు మంది. తర్వాత డుగు... డుగు... అంది. తర్వాత ఏమీ అనలేదు.

"ఏటయింది?" అంది వదిన.

"నిలబడలేకపోయింది అప్పా, అంతే," అంటూ నాయుడు దిగి హ్యాండిల్ తిప్పాడు. ఈసారి తోలే చక్రం దగ్గరున్న మీట కిందికి లాగి పెట్రోలు పెంచాడు. కారు పూనకం పట్టినట్టు ఊగింది, నా పళ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. మీట తగ్గిస్తే చస్తుంది, పెంచితే పూనకం. పరిగెత్తినంతసేపూ రెండు మూడు దగ్గులు తప్ప పెద్ద తేడా లేదు. రోగమంతా ఆగితేనే.

సంబేతో అనే ఏటి దగ్గర ఆగక తప్పదు. బళ్లని ఏరు దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చేలోగా కారు మళ్లీ ఆరిపోయింది, ఇంక హ్యాండిల్‌కి కూడా లొంగలేదు. ఒడ్డున సైరూసి అనే ఫిజీ అతను కూర్చుని ఉన్నాడు, లౌటోకా రేవులో బస్తాలు మోస్తాడు. "బులా!" అని పలకరించి తన కర్రపెండలం మాకూ పెట్టాడు. మా రొట్టె అతనికి పెట్టాం. ఈ రేవు దగ్గర ఇంకేమీ దొరకదు, వెంట తెచ్చుకోండి.

నాయుడు గొట్టం అతుకుల్లో గాలి దూరుతోందని తడిగుడ్డ చుట్టాడు. కాదు. ప్లగ్గులు తీసి పంచెతో తుడిచాడు. కాదు. పెట్రోలూ గాలీ కలిపే మర సన్నగా తిప్పాడు. అదీ కాదు. పంటు వచ్చింది, మేం ఎక్కకపోతే వేరే బండిని దాటించింది.

"మరిదీ, పొద్దు చూడు!" అంది వదిన.

చివరికి నాయుడు ఇంజను పక్కనున్న గిన్నె కింది బిరడా తిప్పి, అందులోది నా చెంబులోకి వదిలాడు. పైన పెట్రోలు తేలింది. అడుగున వేరేగా, కొంచెం మబ్బుగా, గోళీకాయంత నీటి బొట్టు. దాని పక్కన ఒక గోధుమరంగు పీచు. సైరూసి వంగి, వేలితో ఆ పీచు తీసి, ఎండకి పెట్టి చూశాడు.

"నియూ!" అని పడీపడీ నవ్వాడు. వాళ్ల భాషలో కొబ్బరికాయ.

ముగ్గురం వదిన వైపు తిరిగాం.

"ఉద్ధరిణెడే పోసానురా," అంది వదిన. "నోరు తెరుచుకుని కూకుంది. పూజ చేసి తీర్థం ఎట్టకుండా ఎలా పంపుతాం?"

"ఓలప్పా, అది నోరు కాదు, ట్యాంకు!"

"నాకేటి తెలుసు? దారి బాగుండాలనే కదా..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా నాలుక చివర ఒక జోకు సిద్ధంగా ఉంది. మింగేశాను.

"నీళ్లు పెట్రోలు కన్నా బరువు, అడుక్కి పోతాయి," అన్నాడు నాయుడు, కోపంగా కాదు. "పరుగులో ఎలాగో మింగుతాది. నిలబడ్డప్పుడు తాగేదే చుక్క చుక్క, అందులో నీళ్లొస్తే ఏం చేస్తాది?" ట్యాంకు కింది బిరడా కూడా విప్పి, ఉత్త పెట్రోలు వచ్చేదాకా వదిలాడు. హ్యాండిల్ తిప్పాడు. మెట్టు మీద గ్లాసుతో నీళ్లు పెట్టాను. వణికాయి. ఒలకలేదు.

సైరూసిని కూడా ఎక్కించుకుని ఏరు దాటాం. మిల్లు గొట్టం కనబడేసరికి కూత వినబడింది. రేవు మొదట్లో నాయుడు కారాపి, "ఉరకండి, ఇంజను నేను ఆర్పను!" అని అరిచాడు.

మేం చేరేసరికి తాళ్లు విప్పేశారు. స్టీమరుకీ గట్టుకీ మధ్య నీళ్లు వెడల్పవుతున్నాయి. కటకటాల వెంట ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. ఇన్నేళ్ల తర్వాత ఎవరు గౌరో వదినకే తెలియలేదు.

"గౌరీ! ఓలమ్మ గౌరీ!"

నలుగురైదుగురు తిరిగారు. వదిన వేలు నాలుక మీద పెట్టుకుంది, ఊరగాయ పెట్టినట్టు. అంతమందిలో తల నెరిసిన ఒకామె తన వేలు నాలుక మీద పెట్టింది.

వదిన చేతిలోని డబ్బా సైరూసి లాక్కున్నాడు. బస్తాలు విసిరే చెయ్యి. డబ్బా నీళ్ల మీదుగా వెళ్లి ఆమె చాచిన చీర చెంగులో పడింది. గౌరి అక్కడే మూత తీసి, చిటికెడు నోట్లో వేసుకుంది. మొహం మెలిపెట్టింది. ఇంత దూరానికి కూడా తెలిసింది, ఉప్పెక్కువ.

"నువ్వు నేర్పిన కొలతేనే!" అని వదిన ఏడుస్తూ నవ్వుతూ అరిచింది. గౌరి చెయ్యి ఊపుతూనే ఉంది. స్టీమరు తిరిగింది.

రేవు ఎదుట టీ దుకాణంలో పూరీలు బాగుంటాయి, చట్నీ అడిగి వేయించుకోండి. ఎండ చల్లబడ్డాక నమాకాకి బయల్దేరాం. ఊరు దాటాక సముద్రం కనబడే మలుపులో వదిన ఆపమంది. దూరంగా పొగ సన్నటి గీతలా ఉంది. కారు ఒకే తాళంలో కొట్టుకుంటూ, ఎంతసేపంటే అంతసేపు నిలబడింది. కారు ప్రయాణం గురించి నాకు తెలిసిందేమిటంటే, ఎంత జోరుగా పోతుందని కాదు, మనం దిగి చూసుకునేదేదో చూసుకుని వచ్చేదాకా ఆరిపోకుండా ఉంటుందా అని అడిగి ఎక్కాలి.

పొగ కనబడకుండా పోయాక వదిన సంచిలోంచి రెండో కొబ్బరికాయ తీసింది. దిగబోతున్న నాయుడు చటుక్కున మళ్లీ సీట్లో కూలబడి, రెండు చేతులతో దిండు గట్టిగా పట్టుకున్నాడు.

"లేవక్కర్లేదులే," అంది వదిన, రాయి కోసం వెతుకుతూ. "ఇది నీ కారుకి కాదు. గౌరి ఓడకి."

కాయ పగిలింది. నీళ్లన్నీ సముద్రం వైపు పోసింది, ఒక్క చుక్క కూడా ఇటు పడకుండా.