వీపు మీది ఖాళీ గుడ్డ

మా పేటలో మిషనక్కను ఎరగని వాళ్లు లేరు. పిల్లలు చిరిగిన బడిసంచి తీసుకెళ్తే కుట్టి చేతికిచ్చి, "దీనిక్కూడా డబ్బులేంట్రా, పో" అనే మనిషి.

ఏడాదికోసారి పేటవాళ్లంతా కేన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేస్తూ ఊరంతా నడుస్తారు. నడిచే ప్రతివాళ్ల వీపునా ఒక తెల్లగుడ్డ, దాని మీద ఆ జబ్బుతో పోయిన తమ మనిషి పేరు. ఎనిమిదేళ్లుగా ఆ పేర్లన్నీ నీలం దారంతో కుట్టింది మిషనక్కే. ఒక్కో పేరు మొదలుపెట్టే ముందు కళ్లు మూసుకుని దేవుడికి చెప్పుకునేది.

ఈ ఏడు తన భర్త పేరు కుట్టుకుంది. ఆయన ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయి ఏడు నెలలు. సిగరెట్ల హోల్‌సేల్ షావుకారి దగ్గర ఇరవై ఏళ్లు వ్యాను నడిపాడు. నలిగిపోయి అమ్ముడుకాని పెట్టెలు షావుకారు ఊరికే ఇచ్చేవాడు. ఊరికే వచ్చాయి గదా అని ఈయన కాల్చేవాడు.

ఈసారి నడకకు పెద్ద దాత ఆ షావుకారే.

ముందురోజు గుడ్డలు తీసుకెళ్లడానికి వచ్చిన నడక కమిటీ కార్యదర్శి ఆమె భర్త పేరు దగ్గర ఆగాడు.

"ఇదొక్కటీ వద్దమ్మా. షావుకారు గారు ముందు నడుస్తారు. బాగుండదు."

"ఆయన ముందు నడుస్తారు, పేరు నా వీపున ఉంటుంది. ఆయనకేమన్నా వెనక కళ్లున్నాయా అన్నయ్యగారూ?"

"ఫొటోల్లో పడుతుంది కదా. ఆయన మనసు కష్టపెట్టుకుంటే వచ్చే ఏడాది ఇస్తారా? ఎవరి ప్రాణమో నిలబెట్టే డబ్బు. నువ్వే ఆలోచించు."

ఆ చివరి మాట విని ఆమె పేరున్న గుడ్డ మడిచి పెట్టెలో దాచింది.

"సరే, ఖాళీ గుడ్డే కట్టుకుంటా. ఇదేంటమ్మా అని ఎవరో ఒకరు అడక్కపోరు. అప్పుడు నోటితో చెప్తా. నోరు కూడా కుట్టుకోమనరు గదా!"

కార్యదర్శి నవ్వేసి వెళ్లిపోయాడు.

ఒక్కరైనా అడిగితే చాలు స్వామీ అని దణ్ణం పెట్టుకుని, పొద్దున్నే బయల్దేరింది. అందరి కోసం తన గుండుసూదుల డబ్బా కూడా తెచ్చింది. వరుసలో నిలబడ్డాక కార్యదర్శి వెనకనుంచి వచ్చి, "గుడ్డ జారుతోంది, ఉండమ్మా" అంటూ నాలుగు సూదులు గుచ్చాడు.

"మీ చెయ్యి చల్లగుండ" అంది.

నడక మొదలైంది. పేటలో బట్టలు ఇస్త్రీ చేసే బాబాయి ఆమెను అంటుకునే నడిచాడు.

"ఏంటి బాబాయ్, ఇంత రోడ్డుండగా నా మడమలు తొక్కుతున్నావ్?"

"నాకు ఎండ పడదమ్మాయ్. నీ నీడలో వస్తున్నా."

"నా నీడెంత, చారెడు!"

ఆమె పక్కకు జరిగితే ఆయనా జరిగాడు. టీ కొట్టు దగ్గర అందరూ ఆగినా, టీ ముట్టకుండా ఆమె వెనకే గోడలా నిలబడ్డాడు. బజార్లో కూరగాయలావిడ చందా డబ్బాలో నోటు వేసి, "మంచిపని తల్లీ" అని చెయ్యి నిమిరింది. గుడ్డ సంగతి మాత్రం అడగలేదు. ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చి, "ఒక్కరు కూడా అడగలేదయ్యా" అని భర్త ఫొటోతో అంటూ గుడ్డ విప్పింది. దాని మీద ఇంకో గుడ్డ గుచ్చి ఉంది. ఎర్రటి అచ్చులో షావుకారి దుకాణం పేరు, కింద 'మీ ఆరోగ్యమే మా ఆనందం'.

నాలుగు సూదులూ తీసి డబ్బాలో వేసింది. అవి తనవే.

మర్నాడు బాబాయి గుమ్మంలోకొచ్చి తల వంచుకున్నాడు. "వీపున ఏముందో చెబితే నడిరోడ్డు మీద కూలబడతావని చెప్పలేదమ్మాయ్. ఎవరికీ కనబడకుండా అడ్డం నడిచా."

"తెలిసింది బాబాయ్." అంది. "నువ్వైనా అడుగు. ఎవరి కోసం నడిచావమ్మా అని."

ఆమె భర్త పేరు ముప్ఫయ్యేళ్లుగా బాబాయి నోట్లో నానిన పేరే. అడగబోయి, ఫొటో వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"పోన్లే" అని ఆమె మిషను ముందు కూర్చుంది. ఆదివారం షావుకారికి సన్మానమట. బ్యానరు అంచులు కుట్టిపెట్టమని కమిటీ అప్పుడే పంపింది.