వేసవిలో కొలిచిన కుంట

మన తుంగకుంట పూడిపోతే ఆ పాపం మీదే. ఇళ్ల స్థలాల ప్లాను పది రోజులుగా పంచాయతీ ఆఫీసు గోడకు వేలాడుతుంటే మీలో ఒక్కరూ వెళ్లి చూడలేదు.

ఈ ఉదయం అభ్యంతరాలు వింటామంటే నేనూ, తుంగ కోసి చాపలల్లుకుని బతికే మరియమ్మా మాత్రమే వెళ్లాం. ప్లానులో కుంట ఉండాల్సిన చోట బీడు అని రాసి, ప్లాట్లు గీసేశారు.

“కుంటేదయ్యా?” అంది మరియమ్మ.

“మే నెలలో కొలిచామమ్మా. అప్పుడు చుక్క నీళ్లు లేవు,” అన్నాడు సర్వేయరు.

“ఎండాకాలం మా కడవలోనూ చుక్కుండదు. అట్టని దాన్ని చిల్లపెంకంటావా?”

ఆయన నవ్వేశాడు. సోమవారం ప్రెసిడెంటుగారు సంతకం పెడతారట.

చిన్నప్పుడు వానలు పడగానే ఆ తుంగలో నీటికోళ్లు అరిచేవి. కొత్త చాప మీద పడుకుంటే ఆ పచ్చి వాసనకే నిద్ర పట్టేది. ఇంటికొచ్చినప్పటి నుంచీ నాకు ఆ వాసనే కావాలనిపిస్తోంది. మీకెవరికీ అనిపించదా? అనిపిస్తే సోమవారం వచ్చి నాతోపాటు ఇవి అడగండి:

వానలు పడ్డాక కుంటను మళ్లీ కొలవాలి.
నీరు నిలిచే మేరంతా ప్లానులో చూపించాలి.
ఇళ్లు మెట్ట మీద కట్టాలి, ముందు ఇల్లు లేనివాళ్లకివ్వాలి.
మరియమ్మ సరేననే దాకా సంతకం పడకూడదు.