చిన్నమ్మాయి చేతిలో నా ముగ్గు డబ్బా

మా తోడికోడలు పోయిందన్న కబురు రాజమండ్రి ఆసుపత్రి నుంచి పొద్దున్నే ఫోనులో వచ్చింది. వారం రోజుల జ్వరం, అంతే. అప్పుడు నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. మా ఆయన వచ్చి ఆ మాట చెప్పి అరుగు మీద కూర్చుండిపోయారు. సగం వేసిన ముగ్గును కాలితో చెరిపేశాను. మా ఇద్దరిదీ అక్కచెల్లెళ్ళ పొత్తు అని వచ్చినవాళ్ళంతా చెప్పుకున్నారు కాబట్టి, ఆమె గురించి నాలుగు మాటలు రాసేముందు ఒక నిజం చెప్పేస్తాను. ఆమె అంటే నాకు కుళ్ళు. ఆమె మా ఇంటికి కాపురానికొచ్చిన ఈ పదమూడేళ్ళూ ఆమెను చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను.

ఆమెది నరసాపురం, లేసు అల్లే ఇంటి పిల్ల. ఆమె వచ్చేనాటికి మా ఇంట్లో మామగారు వేలంలో కొన్న పాత మిలిటరీ జీపు ఉండేది. దానికి ఊడదీసి పెట్టుకునే ఇనప టాపు చేయించారు. ఎండాకాలం తీసి పాకలో పెట్టడం, మృగశిర కార్తెకి ముందు మళ్ళీ బిగించడం. బిగించిన ప్రతిసారీ కురిసేది. మెకానిక్కులు రబ్బరు బీడింగు మార్చారు, లప్పం పెట్టారు, తారు పూశారు. అయినా జీపు లోపల మామగారు గొడుగు వేసుకునే కూర్చునేవారు.

వచ్చిన మొదటి ఏడే ఆమె, "అక్కా, మీ ముగ్గు డబ్బా ఒకసారి ఇస్తారా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. మా వీధిలో ముగ్గంటే నాదే. ఈవిడకి చుక్కలు వరసన పెట్టడం కూడా రాదు. డబ్బా తీసుకెళ్ళి జీపు అంచునున్న రబ్బరు మీద పొడవునా ముగ్గు రాసింది. పాలేళ్ళ చేత టాపు దాని మీదకి దింపించి, మళ్ళీ ఎత్తించింది. టాపు ఇనప అంచుకి తెల్లగా అంటినచోట రబ్బరు తగిలినట్టు, అంటనిచోట సందు ఉన్నట్టు. సందున్నచోటల్లా రబ్బరు కింద సైకిల్ ట్యూబు ముక్కలు అంటించింది. బోల్టులు కూడా ఏ ఒక్కటీ ఒకేసారి పూర్తిగా బిగించనివ్వలేదు. ఎదురెదురు మూలలకి తలా రెండు చుట్లు.

"ఒక మూల లాగేస్తే ఎదుటి మూల లేస్తుందండి, మావయ్యగారూ. లేసు గుడ్డ పరిచినా అంతేనండి" అంది.

ఆ ఏడు చుక్క కురవలేదు. "మెకానిక్కుల వల్ల కాలేదండి, మా చిన్నమ్మాయి ముగ్గుతో పట్టేసింది" అని మామగారు గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళకీ చెప్పడం మొదలెట్టారు. ముగ్గు నాది, డబ్బా నాది, జల్లించి మెత్తగా చేసిందీ నేనే. నేను అప్పటికి ఆ ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళు. పెద్దమ్మాయి ఫలానా పని బాగా చేస్తుందన్న మాట ఆయన నోట ఒక్కసారైనా వినలేదు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

ఒక శ్రావణంలో పెనుగొండ పెళ్ళికి అందరం వెళ్ళాలి. ముందురోజు మధ్యాహ్నం అంతా నడుం వాల్చిన వేళ పానా తీసుకెళ్ళి, వెనక కుడి మూల బోల్టు బలం కొద్దీ బిగించేశాను. ఆమె చెప్పిన కిటుకుతోనే ఆమె పేరు చెడగొడదామని నా ఆలోచన. దారిలో వాన పట్టుకుంది. ముందు ఎడమవైపు కూర్చున్న మామగారి పట్టు కండువా మీద ధార కట్టింది.

"ఏంటమ్మా చిన్నమ్మాయీ, ఈసారి కురుస్తోంది?"

ఆమె తలెత్తి ఆ మూల చూసింది. తరవాత నా తల పక్కనున్న బోల్టు చూసింది. నా మొహం మాత్రం చూడలేదు.

"నేనే సరిగ్గా చూసుకోలేదండి, మావయ్యగారూ" అంది.

మర్నాడు డబ్బా పట్టుకుని నా గదికొచ్చింది. "అక్కా, ఇకమీదట ముగ్గు మీరు రాయండి. నేను రాస్తే ముద్దలుగా పడుతోంది. మీ చేతికైతే సన్నగా వస్తుంది, సందు ఇట్టే తెలిసిపోతుంది." బోల్టు ఊసే ఎత్తలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది. మంచితనం కూడా ఈవిడకే చేతనవ్వాలా అని నాకు ఇంకా కడుపు మండింది.

అప్పట్నుంచి ఏటా ఇద్దరం కలిసే చేసేవాళ్ళం. ముగ్గు నాది, బోల్టులు ఆవిడవి. లేసు అల్లేటప్పుడు కుట్లు లెక్కపెట్టుకున్నట్టే నోట్లో చుట్లు లెక్కపెట్టుకునేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటికొచ్చేది. పనయ్యాక చేతులు నా చీర కొంగుకే తుడిచేసి, "మీ ముగ్గే కదక్కా" అనేది. పేరు మాత్రం ఆవిడకే దక్కేది. పళ్ళు నూరుకుంటూనే ఏటా ఆ రోజు కోసం ఎదురు చూసేదాన్ని.

ఈ ఏడు పెద్దకర్మ అయిన వారానికి టాపు బిగించాల్సి వచ్చింది. ముగ్గు నేనే రాశాను. ఎత్తించి చూస్తే ఇనప అంచంతా తెల్లగీత, ఎక్కడా తెగలేదు. మామగారు అరుగు మీంచి లేచొచ్చి ఆ గీతను వేలితో తడిమి చూశారు.

"పెద్దమ్మాయీ, నీ చేతిలోనూ ఉందే పనితనం" అన్నారు.

ఇరవై ఏళ్ళకు పైగా నేను కాచుకున్న మాట అది. టాపు దింపించి, చుట్లు లెక్కపెట్టుకుంటూ బోల్టులు బిగించాను. పనయ్యాక కొంగు చూసుకున్నాను. శుభ్రంగా ఉంది.

సాయంత్రం వాన మొదలైంది. వెళ్ళి జీపులో ఆవిడ కూర్చునే చోట కూర్చున్నాను. ఎక్కడో ఒకచోట కురవాలి, ఈ పని ఆవిడ లేకుండా కాదని అందరికీ తెలియాలి అనుకున్నాను. టాపు మీద వాన దబదబా పడుతోంది. అరచెయ్యి చాపి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఒక్క చుక్కా పడలేదు.