చంద్రుడి మీద మా బావి

చంద్రుడి మీద నీటి జాడలున్నాయని టీవీలో చెబుతుంటే నేను తల దించుకున్నాను. మారెన్న గుర్తొచ్చాడు.

మారెన్న మా జీతగాడి కొడుకు, నా ఈడువాడు. మా బావి చేంతాడు వాళ్లు ముట్టకూడదు. మేం పోస్తే దోసిలి పట్టి తాగాలి.

ఆకాశంలోకి మొట్టమొదటి ఉపగ్రహం ఎగిరిందని పేపర్లో వచ్చిన ఏడు, ఆలూరులో మా కళ్లంలో కూర్చుని ఇద్దరం చంద్రుడి మీద ఊరు కట్టాం. రాజును నేనే, చట్టాలూ నావే.

"ఆడ నిన్ను ఎండలో నిలబెట్టంరా. రాంగానే నీళ్లు పోస్తాం. ఇదే మొదటి చట్టం" అన్నాను, ధర్మప్రభువులా.

మారెన్న కాసేపు జొన్నదంటు నమిలాడు. "ఆడ గూడా మీరే పొయ్యల్లనా, చిన్నరెడ్డీ?"

"మల్ల? బావి మాది గదా!" అన్నాను.

అప్పటికింకా అక్కడ మనిషే కాలు పెట్టలేదు. బావి మాత్రం అప్పుడే మాదైపోయింది.